పాటల పెట్టెలో పేర్లు: రాగిరేకుల నుండి ఎంపీ3 ఫోల్డర్ల దాకా

తమిళనాట తెలుగు చదువుల గురించి మనం మాట్లాడుకొనేటప్పుడు మాట సాధారణంగా పాఠ్యపుస్తకాల కొరత, ఉపాధ్యాయుల నియామకం, పరీక్షల నిబంధనలు అనే మూడింటి దగ్గరే ఆగిపోతుంది. అవి పెద్ద విషయాలే, కాదనలేము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 1వ తరగతి నుండి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పెరుగుతూ 2015-16 విద్యాసంవత్సరానికి అది 10వ తరగతిని చేరుకొన్నది. ఇంట తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు అక్షరాన్ని ఒక్కసారైనా చూడకుండా బడి చదువు ముగించుకొనే వీలు అప్పటి నుండి మరింత పెరిగింది. అయితే అక్షరం బడిలో మాత్రమే కనిపించేది కాదు. గోడ మీద, పెండ్లి పత్రిక మీద, దేవుని పటం క్రింద, పాటల పుస్తకం అట్ట మీద కూడా అది కనిపించాలి. ఈ కాలంలో అది కనిపించవలసిన చోటు మరొకటి ఉన్నది. అదే జేబులో ఇమిడే పాటల పెట్టె.

ఎంపీ3 ప్లేయరు కానివ్వండి, ఐపాడు కానివ్వండి, మెమరీ కార్డు వేసిన ఫోను కానివ్వండి, దానిని కంప్యూటరుకు తగిలించి లోపలి ఫోల్డర్లను తెరిచి చూడండి. చిన్నమనూరు వంటి ఊరిలో, తెలుగు మాట్లాడే ఇంటిలో అయితే, అందులో త్యాగరాజ కీర్తనలుంటాయి, అన్నమయ్య సంకీర్తనలుంటాయి, సినిమా పాటలుంటాయి. అదృష్టవంతుల ఇంట అవ్వ గొంతులో పట్టిన జోలపాట కూడా ఉంటుంది. పాటలన్నీ తెలుగువే. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనో, తమిళ అక్షరాలలోనో, అంకెలలోనో, ప్రశ్నార్థకాల వరుసలోనో ఉంటాయి. పాట తెలుగుది, పేరు తెలుగుది కాదు. ఈ స్థితి ఎలా వచ్చింది, దీనివలన నష్టమేమిటి, మన చేతిలో ఉన్నదేమిటి అన్నదే ఈ వ్యాస విషయం. అందుకు కొంచెం వెనుకకు వెళ్ళవలసి ఉన్నది.

చిన్నమనూరు రేకులు చెప్పే మాట

చిన్నమనూరు అనగానే చరిత్ర విద్యార్థులకు గుర్తుకు వచ్చేవి రాగిరేకులు. కంబం లోయలోని ఈ ఊరు, 1996లో తేని జిల్లా ఏర్పడే దాకా మధుర జిల్లాలోనిదే. ఇక్కడ దొరికిన పాండ్యుల దానశాసనాలు రెండు. వాటిలో పెద్దది సా.శ. 10వ శతాబ్ది తొలినాళ్ళలోని పాండ్యరాజు రాజసింహుని కాలానిది. మధురలో సంఘాన్ని నెలకొల్పటాన్నీ, మహాభారతాన్ని తమిళంలోకి తేవటాన్నీ పాండ్యుల ఘనకార్యాలుగా చెప్పుకొన్న శాసనం ఇదే కనుక, తమిళ సాహిత్య చరిత్రలో దీనికి పెద్దపీట వేస్తారు.

మనకు కావలసిన సంగతి వేరు. ఆ రేకులలో సంస్కృత భాగం గ్రంథలిపిలోను, తమిళ భాగం వట్టెళుత్తులోను ఉన్నది. వట్టెళుత్తు ఆ కాలంలో పాండ్యదేశపు వాడుక లిపి. చోళుల ఏలుబడి వచ్చిన తరువాతి శతాబ్దాలలో అది క్రమంగా మరుగున పడింది. భాష ఎక్కడికీ పోలేదు. ఆ లోయలో వేయి సంవత్సరాలుగా తమిళం వినిపిస్తూనే ఉన్నది. అయినా ఆ రేకును చేతికిస్తే, లిపిని ప్రత్యేకంగా నేర్చిన పరిశోధకుడు తప్ప మరొకరు చదువలేరు. మాట బ్రతికి ఉండి లిపి మరుగైతే, సొంత పూర్వుల వ్రాత కూడా పరాయి వ్రాతే అవుతుంది. ఈ పాఠం చిన్నమనూరు మట్టిలోనే దొరికింది.

విజయనగర సేనల వెంట వచ్చినవారు, 1529 నుండి 1736 దాకా సాగిన మధుర నాయకుల పాలనలో వచ్చి స్థిరపడినవారు, ఆ ప్రాంతపు తెలుగువారు. కమ్మవారు, రాజకంబళ నాయకులు, గవరలు మొదలైన ఎన్నో కులాల ఇండ్లలో తెలుగు నాలుగైదు వందల ఏండ్లుగా నోటి మీదనే నిలిచింది. ఇరుగున ఉన్న బోడినాయకనూరు తెలుగు పాళెగాళ్ళ సంస్థానం. ఈ ఇండ్లలో పాట ఉన్నది, పలుకు ఉన్నది. పలుకును కాగితం మీద గుర్తుపట్టగలవారే తగ్గుతూ వచ్చారు.

అన్నమయ్య భాండారం: పేరు మిగిలింది, వరుస పోయింది

పాటలను భద్రపరచి, వాటికి పేర్లు పెట్టి, వర్గాలుగా అమర్చే పని మన జాతికి కొత్తది కాదు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. వారి వంశీయులు వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారమనే చిన్న గదిలో ఉంచారు. ఆ రేకులు 1922 ప్రాంతంలో మళ్ళీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దల శ్రమ వలన అవి అచ్చుకెక్కాయి. పదమూడు, పద్నాలుగు వేల పాటలు ఈనాడు మనకు దక్కినవి.

ఆ భాండారం అమరికను కంప్యూటరు తెలిసినవారు ఒకసారి గమనించాలి. పాటలన్నింటినీ అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విభజించారు. ఇవి రెండు ఫోల్డర్లు. ప్రతి పాటకు పైన దాని రాగం పేరు చెక్కారు. ఇది పాటకు కట్టిన చీటీ, నేటి కంప్యూటరు భాషలో ట్యాగు. ఫోల్డరుకూ చీటీకీ ఉన్న తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక పాట ఒక ఫోల్డరులోనే ఉంటుంది, భోషాణంలోని ఒక చీర ఒక అరలోనే ఉన్నట్లు. చీటీలు మాత్రం ఒకే పాటకు ఎన్నైనా కట్టవచ్చు. కవి పేరు ఒకటి, రాగం ఒకటి, సందర్భం ఒకటి.

ఇంత జాగ్రత్త పడినా ఒకటి దక్కలేదు. ఆ పాటలను అన్నమయ్య ఏ వరుసలో పాడారో రేకు చెప్పదు. స్వరం వ్రాయలేదు. పాడే పరంపర తెగిపోయింది. ఇప్పుడు మనం వింటున్న వరుసలలో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. రాళ్ళపల్లి వారు శతాధిక సంకీర్తనలకు స్వరరచన చేశారు. అంటే అక్కడ పేరు మిగిలింది, వరుస పోయింది.

మన జేబులోని పెట్టెలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలక్రిందులు. అక్కడ వరుస చెక్కుచెదరకుండా ఉన్నది, గొంతులోని వణుకుతో సహా. పోయేది పేరు.

ఎట్టయపురం అచ్చు, మధుర వ్రాతప్రతులు

తమిళదేశంలో తెలుగు పాటను తెలుగు లిపిలో నిలిపినవారి కథలో రెండు ఘట్టాలు మనకు చాలా దగ్గరివి.

మొదటిది మధురది. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు ముఖ్యులు. ఆయన మాతృభాష సౌరాష్ట్రం. గురువు పాడగా విన్న కీర్తనలను ఆయన, ఆయన శిష్యపరంపర వ్రాసి పెట్టారు. వాలాజాపేట ప్రతులుగా పేరు పొందిన ఆ సంపద మధురలోని సౌరాష్ట్ర సభలో భద్రమైనది. తంజావూరు సీమలో ఒక తెలుగు కవి పాడగా, సౌరాష్ట్రులు వ్రాయగా, మధుర దాచిన పాటలు అవి. త్యాగరాజు పాట ఒక గొంతుతో ఆగిపోకుండా ఉండటానికి ఇటువంటి శిష్యుల వ్రాతలే ఆధారం.

రెండవది ఎట్టయపురానిది. ఇప్పటి తూత్తుకుడి జిల్లాలోని ఈ చిన్న సంస్థానం ప్రభువులకు తెలుగు మూలాలు ఉన్నాయి. అక్కడి ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు (1839–1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలోనే, తెలుగు లిపిలో అచ్చయింది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు అది ప్రామాణిక గ్రంథం. దాని అమరిక చూడండి. పైన 72 రాగాంగ రాగాలు. ఒక్కొక్క దాని క్రింద దాని ఉపాంగ, భాషాంగ రాగాలు. ఒక్కొక్క రాగం క్రింద లక్షణం, గీతం, తానం, కీర్తన, సంచారి. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరొక ఫోల్డరు అనే ఏర్పాటు కంప్యూటరు కంటె ముందే, తమిళదేశపు దక్షిణ కొసన, తెలుగు అక్షరాలలో సిద్ధమైనది. గమ్యం తెలిసినవాడు మెట్టు మెట్టుగా దిగి తనకు కావలసిన పాటను చేరుకోగలడు.

ఆ తరువాత ఏమైనదో కూడా చెప్పుకోవాలి. ఆ గ్రంథాన్ని పాడేవారిలో తెలుగు లిపి తెలిసినవారు తగ్గిపోయారు. మద్రాసు సంగీత అకాడమి దానిని తమిళ లిపిలో సంపుటాలుగా ప్రచురించవలసి వచ్చింది. అది మంచి పనే. లేకపోతే ఎందరో గాయకులకు ఆ పుస్తకం మూతపడి ఉండేది. అయితే తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుచేత సంగీత పుస్తకాలలో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి తేడా చూపుతారు. సభలో తెలుగు కీర్తన వినిపిస్తుంది, గాయకుని ముందున్న కాగితం మీద తెలుగు అక్షరం ఉండదు. మన పాటల పెట్టెలోని స్థితికి బీజం ఇక్కడే పడింది.

యంత్రంలోకి ఎక్కిన పాట

ఇక యంత్రం దగ్గరకు వద్దాం. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు తమ శబ్ద దస్త్రాల పేరు చివర ‘ఎంపీ3’ అనే తోకను వాడాలని 1995 జూలైలో నిర్ణయించుకొన్నారు. ఆడియో సీడీలో నిమిషం పాటకు సుమారు 10 మెగాబైట్లు కావలసిన చోట, ఎంపీ3కి సుమారు 1 మెగాబైటు సరిపోయింది. 700 మెగాబైట్ల సీడీ మీద ఎనభై నిమిషాల పాటకు బదులు పన్నెండు గంటల పాట పట్టింది. చేతిలో పట్టే ప్లేయర్లు 1998లో వచ్చాయి. దక్షిణ కొరియా నుండి ఎంపీమ్యాన్, అదే సంవత్సరం అమెరికా నుండి రియో. రెండూ 32 మెగాబైట్లవే కనుక అరగంట పాటలే పట్టేవి. రికార్డింగు కంపెనీలు రియో మీద దావా వేశాయి. తాను కొన్న పాటను తన వెంట తీసుకొనిపోవటానికి ఇటువంటి పెట్టెను వాడుకోవటం తప్పు కాదని అమెరికా అప్పీలు కోర్టు 1999 జూన్‌లో తేల్చింది. ఆ తీర్పుతో ఈ యంత్రాలకు దారి సుగమమైనది.

పన్నెండు గంటల పాటలు ఒకే చోట చేరినప్పుడు వాటిని వెతికేది ఎలా అన్న ప్రశ్న పుట్టింది. దీనికి రెండు రకాల జవాబులు వచ్చాయి.

మొదటి రకం ప్లేయర్లు కంప్యూటరుకు తగిలిస్తే పెన్‌డ్రైవు లాగా తెరుచుకొనేవి. మనం ఎలా ఫోల్డర్లు కడితే అలాగే లోపల ఉంటాయి. ‘కీర్తనలు’ అని ఒక ఫోల్డరు, దానిలో ‘త్యాగరాజు’ అని మరొకటి. పెట్టె తెర మీద కూడా అదే చెట్టు, అవే కొమ్మలు. మన ఊళ్ళలో ఎంపీ3 సీడీలు, కారులో పెట్టే పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులలో పాటలు ఎక్కించి ఇచ్చే అంగళ్ళు, అన్నీ ఈ మార్గంలో నడిచినవే. ఇక్కడ పేరు పెట్టే అధికారం కార్డు నింపినవానిది.

రెండవ రకానికి పెద్ద ఉదాహరణ 2001 అక్టోబరు 23న ప్రకటించిన ఐపాడు. దీనిలో ఫోల్డర్లను మనిషి చూడనక్కరలేదన్నది నిర్మాతల ఆలోచన. గాయకుడు, ఆల్బము, పాట అనే చీటీలను బట్టి యంత్రమే జాబితా చూపుతుంది. లోపల ఫోల్డర్లు లేవా అంటే, ఉన్నాయి, దాగి ఉన్నాయి. పాత ఐపాడును కంప్యూటరుకు తగిలించి, దాగిన దస్త్రాలను చూపే అమరికను తెరిస్తే ‘ఐపాడ్_కంట్రోల్’ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దానిలో ‘మ్యూజిక్’, దానిలో ఎఫ్00, ఎఫ్01, ఎఫ్02 అంటూ వరుసగా ఫోల్డర్లు. తరువాతి కాలపు ఐపాడులలో అయితే ఆ ఫోల్డర్లలోని పాటలకు అర్థం లేని నాలుగక్షరాల పేర్లుంటాయి. ఏది ఎవరి పాటో, ఏది ఎక్కడున్నదో తెలిపే పట్టీ వేరుగా ‘ఐట్యూన్స్‌డీబీ’ అనే దస్త్రంలో ఉంటుంది. మనం నేరుగా ఆ ఫోల్డరులోకి ఒక పాటను లాగి వేసినా అది పెట్టె జాబితాలో కనిపించదు. తాళపత్రం భాండాగారంలో ఉన్నది, పట్టీలో లేదు. కనుక అడిగినవారికి ‘లేదు’ అనే జవాబే వస్తుంది.

2001 చివరలోనే ‘రాక్‌బాక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మొదలైనది. ఆర్కోస్ ప్లేయర్ల కోసం పుట్టి, తరువాత ఐపాడులలో చాలావాటికి విస్తరించిన ఆ సాఫ్ట్‌వేరు ఫోల్డర్లను ఫోల్డర్లుగానే చూపింది. ఐపాడు తయారీని యాపిల్ సంస్థ 2022 మే నెలలో ముగించినట్లు ప్రకటించింది. 2017లో మన దేశంలో వచ్చిన సారెగమ కారవాన్ 5000 పాటలను ముందే నింపుకొని, మీట నొక్కితే పాడే పెట్టెగా పెద్దవారికి నచ్చింది. అక్కడ కూడా వర్గీకరణ కంపెనీదే. నేటి ఫోనులలో, అంతర్జాలం నుండి నేరుగా పాడే సేవలలో ఫోల్డరు మరింత వెనుకకు పోయింది. వినటం సులువైనది. పేరు పెట్టే పని మన చేతి నుండి జారిపోయింది.

తెలుగు పేరుకు చోటెంత?

తెలుగు పేర్లు ఎందుకు కనిపించలేదన్న ప్రశ్నకు యంత్రం వైపు నుండి కూడా ఒక జవాబున్నది. ఎంపీ3 పాట చివర 128 బైట్ల చిన్న చీటీ అంటించే పద్ధతి 1996లో వచ్చింది. దాని పేరు ఐడీ3. అందులో పాట పేరుకు 30 బైట్లు, గాయకుని పేరుకు 30, ఆల్బముకు 30. ఏ లిపిలో వ్రాయాలో అది చెప్పలేదు. వ్రాసినవారు రోమను లిపినే ఊహించుకొన్నారు. పాట రకాన్ని తెలుపటానికి 80 పేర్ల జాబితా ఇచ్చారు. అందులో కీర్తన లేదు, జోలపాట లేదు, కోలాటం లేదు.

యూనికోడు తొలి రూపం 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. అయితే నేడు విరివిగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. ‘చిన్నమనూరు’ అనే మాటనే తీసుకోండి. హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి 10 గుర్తులు. అంటే 30 బైట్లు. ఆ పాత చీటీలో మన ఊరి పేరు మాత్రమే పడుతుంది, దాని పక్కన ఒక్క చుక్క కూడా పట్టదు. ‘అమ్మమ్మ పాడిన లాలిపాట’ అని వ్రాయాలంటే రెండు ఖాళీలతో కలిపి 59 బైట్లు కావాలి. సగం పేరు తెగిపోతుంది.

ఈ ఇరుకు ఎక్కువ కాలం నిలువలేదు. 1998లో వచ్చిన ఐడీ3 రెండవ రూపం పెద్ద చీటీలకు, యూనికోడుకు తలుపు తెరిచింది. ఫోల్డర్ల, దస్త్రాల పేర్ల విషయంలో విండోస్ 95 నుండి 255 గుర్తుల దాకా పొడవైన పేర్లు సాధ్యమైనాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో తెలుగును చూపగలిగింది. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు, లేఖిని వంటి ఉపకరణాలు తెలుగులో వ్రాయటాన్ని ఇంటింటికీ చేర్చాయి. చిన్న తెరల ప్లేయర్లలో చాలావాటికి తెలుగు ఖతి లేక గళ్ళో, ప్రశ్నార్థకాలో కనిపించేవి. అందుచేత జనం ఇంగ్లీషు అక్షరాలకు అలవాటుపడ్డారు. ఇప్పటి ఫోనులకు ఆ ఇబ్బంది లేదు. యంత్రం అడ్డు తొలగిపోయింది, అలవాటు మాత్రం మిగిలింది.

నష్టం ఎక్కడ జరుగుతున్నది?

సినిమా పాటకు, ప్రసిద్ధ కీర్తనకు పేరు పోయినా పెద్ద ప్రమాదం లేదు. వేలమంది దగ్గర అది ఉన్నది. ఎక్కడో ఒక చోట సరైన పేరుతో దొరుకుతుంది. ప్రమాదమంతా ఇంటి పాటది. అవ్వ పాడిన జోల, పెండ్లిలో పెద్దమ్మలు పాడిన నలుగు పాట, నాటువేసేటప్పటి పాట. వీటిని ఫోనులో పట్టినప్పుడు యంత్రం వాటికి ఒక వరుస సంఖ్యను మాత్రమే ఇస్తుంది. వాట్సాప్‌లో పాటగా పంపితే ఆ పేరు కూడా మారి తేదీ, సంఖ్య కలిసిన మరొక పేరు వస్తుంది. రెండు మూడు ఫోనులు మారేసరికి అది ఎవరి గొంతో, ఏ ఊరో, ఏ సందర్భమో చెప్పగలవారు ఉండరు. అర్థం కాని పేరు గల దస్త్రాన్ని, చోటు చాలనప్పుడు, ముందుగా తొలగిస్తాము. తాటాకు చెదలు పట్టి పోయేది. ఈ పాట, పేరు లేక పోతుంది.

రెండవ నష్టం పిల్లవానిది. బడిలో తెలుగు లేని పిల్లవాడు రోజూ ఆ పెట్టె తెరుస్తాడు. తనకు ఇష్టమైన పాటను వెతుక్కొంటాడు. ఆ పాట పేరు తెలుగులో ఉంటే, అక్షరం తెలియకపోయినా రూపాన్ని గుర్తుపడతాడు. ‘లాలి’ అనే రెండక్షరాల రూపం పదిసార్లు చూసిన కంటికి ‘ల’ పరిచయమవుతుంది. ఇష్టమైనదాని పేరు చదువుకోవాలన్న కోరిక కంటె మంచి వాచకం లేదు. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి ఆ అవకాశాన్ని మన చేతులతో మనమే తీసివేస్తున్నాము.

మనం చేయగలిగిన పని

ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు ఈ క్రింది పద్ధతిని సూచిస్తున్నాను. ఖర్చు లేనిది, వారాంతంలో ఒక గంట చాలునది.

మొదట పాటలను కంప్యూటరులోకి తెచ్చి ఒకే పెద్ద ఫోల్డరులో పెట్టుకోవాలి. దానికి ఊరి పేరు పెట్టాలి. దానిలో జోలపాటలు, పెండ్లి పాటలు, పని పాటలు, భజనలు, కీర్తనలు అని ఫోల్డర్లు కట్టాలి. అన్నమయ్య భాండారంలో రెండే ఉన్నాయి కనుక మనకు ఇరవై అక్కరలేదు. పిల్లవాడు మూడు మెట్లలో పాటను చేరుకోగలిగితే చాలు.

పాట పేరు తెలుగులో, వినిపించే మాటలలోనే వ్రాయాలి. విండోస్‌లో ముందుగీత, వెనుకగీత, రెండు చుక్కలు, నక్షత్రం, ప్రశ్నార్థకం వంటి 9 గుర్తులు పేర్లలో పనికిరావు. తెలుగు అక్షరానికి మాత్రం ఏ నిషేధమూ లేదు. పాడినవారు, ఊరు, సందర్భం, సంవత్సరం అనే వివరాలను చీటీలో నింపాలి. ‘ఎంపీ3ట్యాగ్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు యూనికోడులో ఈ పనిని చక్కగా చేస్తుంది. ఫోల్డరు చెదిరినా చీటీ పాటతోనే ప్రయాణిస్తుంది. వాట్సాప్‌లో పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపినచో పేరు మారకుండా ఉంటుంది. పాడిన పెద్దల అనుమతి లేకుండా వారి గొంతును ఇల్లు దాటించరాదు. మొత్తం ఫోల్డరును రెండు వేరువేరు చోట్ల దాచాలి. త్యాగరాజు కీర్తనలు మనదాకా వచ్చింది ఎందరో శిష్యులు వేరువేరు ఊళ్ళలో వ్రాసి దాచుకొన్నందువలననే.

ఇక తరగతికి పనికివచ్చే ఒక సంగతి. యూనికోడులో తెలుగు అక్షరాలు చాలవరకు వర్ణమాల క్రమంలోనే ఉన్నాయి. కనుక తెలుగు పేర్లున్న ఫోల్డరును పేర్ల వరుసలో అమరిస్తే అ, ఆ, ఇ, ఈ లతో మొదలయ్యే పాటలు ముందు వచ్చి, స, హ లతో మొదలయ్యేవి చివరకు చేరుతాయి. ఱ, ళ మాత్రం మన బడి వరుసలో వలె చివరకు రాక, ర, ల ల పక్కనే కూర్చుంటాయి. ఆ తేడా ఎందుకో పిల్లలనే అడగవచ్చు. సంకేతసంఖ్యల క్రమాన్ని మాత్రమే పాటించే సాదా ప్లేయరులో ముందు అంకెలు, ఆపైన ఇంగ్లీషు పేర్లు, తరువాత తమిళం, దాని పక్కనే తెలుగు వస్తాయి. తమిళం పక్కన తెలుగు ఉండటం మన వీధికి సరిపోయిన వరుసే. పాటల ఫోల్డరు ఒకటి తెరిచి ‘క తో మొదలయ్యే పాట ఏది?’ అని అడిగితే, అది అక్షరమాల పాఠం అవుతుంది. ఆ పాఠానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, నియామకం అక్కరలేదు.

రాగిరేకు మీద పేరు చెక్కినవారు పాడే గొంతును దాచలేకపోయారు, వారి కాలంలో ఆ సాధనం లేదు. మనకు గొంతును దాచే సాధనం ఉన్నది. పేరు వ్రాయటానికి సాధనం కూడా ఉన్నది. రెండూ కలిసి దొరికిన మొదటి తరాలలో మనమూ ఉన్నాము. ఈ వారం మీ ఇంటిలోని పెట్టెను కంప్యూటరుకు తగిలించి ఒక్క ఫోల్డరును తెరవండి. పక్కన పిల్లవానిని కూర్చోబెట్టుకోండి. పాట వినిపించి, దాని పేరును వానిచేతనే తెలుగులో వ్రాయించండి. పది పాటలకు పేర్లు వ్రాసిన పిల్లవానికి వర్ణమాలలో సగం అక్షరాలైనా చేతికి వచ్చి ఉంటాయి. ఆ పది పాటలకు కూడా తమ పేర్లు తిరిగి దక్కి ఉంటాయి.